డైట్, మెటబాలిక్ జబ్బుల మీద 140 పేపర్లున్న పరిశోధకుడి రికార్డును ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: బీటాసెల్

ఆహారం, మెటబాలిక్ జబ్బుల మీద పనిచేసే ఒక పరిశోధకుడి ప్రచురణలు చూసి రెండు పేజీల అంచనా రాసివ్వాలి. సీవీలో 140 దాకా పేపర్లున్నాయి. టైప్ 2 డయాబెటిస్, ఫ్యాటీ లివర్, బరువు తగ్గించే డైట్లు, ఇలా. హెచ్-ఇండెక్స్ (పేపర్లకి వచ్చిన సైటేషన్లతో కట్టే కొలత) గూగుల్ స్కాలర్‌లో 41, స్కోపస్ అనే డేటాబేస్‌లో 29. పబ్‌మెడ్‌లో, అంటే వైద్య పేపర్ల డేటాబేస్‌లో, ఇంటిపేరు, ఇనీషియల్ కొడితే 300 పైచిలుకు వస్తున్నాయి. వాటిలో శుక్లాల ఆపరేషన్ మీద కూడా ఉన్నాయంటే వేరే ఎవరివో కలిసిపోయాయన్నమాట.

ఈయనవి ఏవో, కానివి ఏవో తేల్చేదెలా? 140లో అసలు పని ఎంతో తెలిసేదెలా? హెచ్-ఇండెక్స్ రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకుంది, ఏది రాయాలి? అన్నీ చదివే టైమ్ లేదు. ఓ పది పదిహేను చదవగలను. ఏవి చదవాలో కూడా చెప్పండి.

లైబ్రరీడెస్క్

ముందు జాబితా శుభ్రం చేసుకోండి. ఇది తప్పితే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి.

పబ్‌మెడ్‌లో ఇంటిపేరు పక్కన ‘జే’ అని ఒక్క ఇనీషియలే ఇస్తే జే.ఏ., జే.బీ., జే.కే. అందర్నీ లాక్కొస్తుంది. మీ 300 అలా వచ్చినవే. దాన్ని ఆపాలంటే పేరు, ఇనీషియల్ రెండూ డబుల్ కోట్స్‌లో పెట్టి, వెంటనే చదరపు బ్రాకెట్లో ఏయూ ట్యాగ్ ఇవ్వాలి. మొదటి రచయితగా ఉన్నవి మాత్రమే కావాలంటే ట్యాగ్ 1ఏయూ, చివరి రచయితగా ఉన్నవైతే లాస్ట్‌ఏయూ. ఆర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికి ఉండే గుర్తింపు నంబరు) తెలిస్తే ఏయూఐడీ ట్యాగ్‌తో వెతకండి. ఆ నంబరు నాలుగేసి చొప్పున 16 స్థానాలుంటుంది. చివర అంకెకి బదులు ఎక్స్ కనబడితే కంగారు పడకండి, అది చెక్ డిజిట్. అయితే ఆర్కిడ్ మొదలైందే 2012లో. అంతకుముందు పేపర్లలో అది దొరకదు. పైగా ఆర్కిడ్ పేజీ ఎవరిది వాళ్లే నింపుకుంటారు, కాబట్టి అది కూడా సీవీ లాంటిదే.

సీవీలో ఉండి పబ్‌మెడ్‌లో కనబడని పేపర్ తగిలితే వెంటనే అనుమానించకండి. 1984 నుంచి 1995 దాకా ఎంతమంది రచయితలున్నా మెడ్‌లైన్ (పబ్‌మెడ్‌లో ప్రధాన భాగం) మొదటి 10 మంది పేర్లే ఎక్కించేది. 1996–99 మధ్య మొదటి 24 మంది, ఆపైన చివరి ఒక్కరు. 2000 నుంచే అందరి పేర్లూ. అంటే 1993 నాటి ట్రయల్‌లో ఆయన 12వ రచయిత అయితే, పేపర్ అక్కడే ఉంటుంది, ఆయన పేరే ఉండదు. సంస్థ పేరుతో వడపోసినా ఇలాంటి చిక్కే. 2014కు ముందు ఎక్కువగా మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఎక్కేది. పూర్తి పేరుతో వెతకడం కూడా 2002 నుంచి వచ్చిన పేపర్లకే కుదురుతుంది.

పెద్ద ట్రయల్స్‌లో ఇంకో మెలిక. రచయితల వరుస చివర ‘ఫలానా రీసెర్చ్ గ్రూప్’ అని ఉంటుంది. అందులోని సభ్యుల్ని పబ్‌మెడ్ కొలాబరేటర్ల కింద వేస్తుంది, ఐఆర్ ట్యాగ్‌తో దొరుకుతారు. సీవీలో వాటిని మామూలు పేపర్లతో కలిపేశారో, విడిగా చూపించారో చూడండి. విడిగా చూపించిన మనిషి అయితే మిగతా సీవీని కాస్త నమ్మకంతోనే చదవొచ్చు.

జబ్బు పేరు మీద వెతికేటప్పుడు పేర్లు మారాయని గుర్తుంచుకోండి. ఫ్యాటీ లివర్‌కి చాలాకాలం ఎన్ఏఎఫ్ఎల్‌డీ అన్నారు, 2020లో ఎంఏఎఫ్ఎల్‌డీ అనే ప్రతిపాదన వచ్చింది, 2023 నుంచి ఎంఏఎస్ఎల్‌డీ. మూడూ ‘ఆర్’తో కలిపి వెతకాలి. మెటబాలిక్ సిండ్రోమ్‌ని 1988లో రీవెన్ తన బ్యాంటింగ్ ఉపన్యాసంలో ‘సిండ్రోమ్ ఎక్స్’ అన్నారు. 90ల పేపర్లలో ఆ పేరు, ‘ఇన్సులిన్ రెసిస్టెన్స్ సిండ్రోమ్’ అనే పేరు రెండూ ఉంటాయి. టైప్ 2ని కూడా అప్పట్లో ‘నాన్ ఇన్సులిన్ డిపెండెంట్’ అనే రాసేవాళ్లు. మెష్ పదాల (పేపర్లకి వేసే విషయసూచిక పదాల) మీదే ఆధారపడితే పీఎంసీ (పూర్తి పేపర్ల భాండాగారం) దారిలో వచ్చిన పేపర్లు చాలావరకు తప్పిపోతాయి, వాటికి మెష్ వేయరు. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లలో మామూలు పదాలతో కూడా వెతకండి.

ప్రోటోకాల్

జాబితా తేలాక పేపర్ల సంఖ్య మర్చిపోయి, వాటి వెనక ఎన్ని అధ్యయనాలున్నాయో లెక్కతీయండి. అంచనాలో పనికొచ్చే అంకె అదే.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో పేపర్‌కి ఒక వరుస. గడులు ఆరు చాలు: ఏడాది, రచయితల వరుసలో ఆయన స్థానం, పేపర్ రకం, ట్రయల్ రిజిస్ట్రీ నంబరు లేదా కోహార్ట్ (ఏళ్ల తరబడి గమనించే జనం గుంపు) పేరు, పాల్గొన్నవాళ్ల సంఖ్య, డబ్బు ఎవరిది. రిజిస్ట్రీ నంబరు సాధారణంగా అబ్‌స్ట్రాక్ట్ చివర్లో ఉంటుంది. ఎన్‌సీటీ తర్వాత 8 అంకెలు, లేదా ఐఎస్ఆర్‌సీటీఎన్ తర్వాత 8 అంకెలు. అన్నీ నింపాక ఆ గడి మీద సార్ట్ కొట్టండి. రివ్యూలు, ఎడిటోరియల్స్, ఉత్తరాలు ఒక పక్కకి పోతాయి. మిగిలినవి నంబర్ల వారీగా గుంపులవుతాయి. 140 కాస్తా పది పన్నెండు గుంపులకి దిగినా ఆశ్చర్యం లేదు.

ఒక ట్రయల్ నుంచి చాలా పేపర్లు రావడం తప్పు కాదు. ప్రెడిమెడ్ అనే మెడిటరేనియన్ డైట్ ట్రయల్‌కి రిజిస్ట్రీ నంబరు ఒక్కటే, ఐఎస్ఆర్‌సీటీఎన్ 35739639. పాల్గొన్నవాళ్లు 7,447 మంది. దాన్నుంచి వచ్చిన పేపర్లు వందల్లో ఉన్నాయి, చాలావాటిలో ప్రశ్న వేరే. తప్పుపట్టాల్సింది ఒకే బట్టని కోసి నాలుగు జేబురుమాళ్లు చేసినప్పుడు: అదే 60 మంది, అవే 12 వారాలు, అదే డైట్, కానీ బరువు ఒక పేపర్లో, కొవ్వులు ఇంకోదాంట్లో, లివర్ ఎంజైములు మూడోదాంట్లో, పైగా ఒకదాంట్లో మరోదాని ప్రస్తావనే ఉండదు. పట్టుకోవడం సులువే. మొదటి టేబుల్ పక్కపక్కన పెట్టండి. సగటు వయసు, బీఎంఐ, ఆడా మగా సంఖ్య దశాంశంతో సహా కలిశాయంటే వాళ్లే వీళ్లు. దీనివల్ల నష్టం కూడా మాటవరసకి కాదు. ఆ మూడూ వేర్వేరు అధ్యయనాలనుకుని ఎవరైనా మెటా అనాలిసిస్‌లో (పలు అధ్యయనాల ఫలితాలు కలిపే లెక్కలో) వేస్తే 60 మంది 180 మంది అయిపోతారు.

తర్వాత రిజిస్ట్రీలోకి వెళ్లండి. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ప్రతి రికార్డుకీ మార్పుల చరిత్ర ఉంటుంది. మొదటి వెర్షన్‌లో ప్రైమరీ అవుట్‌కమ్ (ముందే చెప్పిన ముఖ్య ఫలితం) ఏమని రాశారో, పేపర్లో ఏది ప్రైమరీ అన్నారో పోల్చండి. అక్కడ ‘24 వారాలకి హెచ్‌బీఏ1సీ’ (సగటు చక్కెర పరీక్ష) అని ఉండి, పేపర్లో ‘12 వారాలకి ఫాస్టింగ్ ఇన్సులిన్’ అని ఉంటే అది అంచనాలో రాయాల్సిన విషయం. రిజిస్టర్ చేసిన తేదీ మొదటి మనిషిని చేర్చుకున్న తేదీ కంటే ముందుందా అన్నది కూడా చూడండి. వైద్య పత్రికల సంపాదకుల కమిటీ ఐసీఎంజేఈ, 2005 జులై 1 తర్వాత మొదలయ్యే ట్రయల్స్‌కి ముందస్తు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అంతకుముందు వాటికి లేదని తప్పుపట్టొద్దు.

ఆయన పేరుతో రిజిస్టరై, ముగిసిపోయి, పేపర్ రాని ట్రయల్స్ ఉన్నాయేమో అక్కడే వెతకండి. ఆ ఖాళీలు సీవీలో కనబడవు. ఈ రంగంలో దీనికి పెద్ద ఉదాహరణ మిన్నెసోటా కరోనరీ ఎక్స్‌పెరిమెంట్. 1968–73లో 9,423 మందితో నడిచింది. సంతృప్త కొవ్వు బదులు లినోలెయిక్ ఆమ్లం ఎక్కువున్న నూనె ఇచ్చారు. ముఖ్య ఫలితాలు 1989లో గానీ పత్రికకి ఎక్కలేదు. మిగిలిపోయిన డేటాని తవ్వి తీసి 2016లో బీఎంజేలో మళ్లీ విశ్లేషించారు. కొలెస్టరాల్ తగ్గింది కానీ మరణాలు తగ్గలేదు.

చదవడానికి ఆయన మొదటి లేదా చివరి రచయితగా ఉన్న ట్రయల్స్ అన్నీ తీసుకోండి, అవి అయిదారు కంటే ఎక్కువ ఉండవు. వాటికి ఎక్కువ సైటేషన్లున్న ఒకటి, అన్నిటికంటే పాతది, గత రెండేళ్లలోది కలపండి. ఫలితం రాలేదని ఒప్పుకున్న పేపర్ ఒక్కటైనా ఉంటే తప్పకుండా చదవండి. 5,145 మందితో నడిచిన లుక్ అహెడ్ అనే బరువు తగ్గించే ట్రయల్‌ని గుండె జబ్బులు తగ్గే సూచన లేదని మధ్యస్థంగా 9.6 ఏళ్ల దగ్గర ఆపేశారు. దాన్నీ 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ వేసింది. పాతికేళ్లుగా డైట్ల మీద పనిచేసి ఒక్కసారీ ‘పనిచేయలేదు’ అని రాయని మనిషి అంటే నాకైతే అనుమానమే.

మధ్యస్థం

హెచ్-ఇండెక్స్ గురించి. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో పెట్టిన కొలత ఇది. హెచ్ 29 అంటే కనీసం 29 సార్లు సైట్ అయిన పేపర్లు 29 ఉన్నాయని, అంతే. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు, కాన్ఫరెన్స్ కాగితాలు, ఏది దొరికితే అది లెక్కేస్తుంది. స్కోపస్ తను ఎంచుకున్న పత్రికలే చూస్తుంది. 41కీ 29కీ తేడా అక్కడినుంచే. స్కాలర్ ప్రొఫైల్లో వేరేవాళ్ల పేపర్లు వాటంతటవే చేరిపోతుంటాయి కూడా, ఆ శుక్లాల ఆపరేషన్ పేపర్లు అక్కడ ఉన్నాయేమో చూడండి. రాయాల్సివస్తే స్కోపస్ అంకె రాసి, చూసిన తేదీ వేయండి. అందులోనే స్వీయ సైటేషన్లు తీసేసి చూసే వీలుంది, ఆ అంకె కూడా పక్కన పెట్టండి.

నన్నడిగితే అసలు రాయకపోవడమే మేలు. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ వాళ్ల డైట్ పేపర్ 2019లో లాన్సెట్‌లో వచ్చింది, 195 దేశాల లెక్కలు. రచయితలు వందకి పైనే. దానికొచ్చే సైటేషన్లు వందోవాడికీ మొదటివాడికీ సమానంగా పడతాయి. అలాంటివి నాలుగైదు ఉంటే మొత్తం సైటేషన్ల అంకెకి అర్థం ఉండదు.

ప్రోటోకాల్

@మధ్యస్థం, అడిగినవాళ్లు ఆ అంకె కోసం చూస్తారండీ. అసలు రాయకపోతే ‘ఎందుకు రాయలేదు’ అని తిరిగొస్తుంది. రాసి, పక్కనే మొదటి లేదా చివరి రచయితగా ఉన్న పేపర్లకి మాత్రమే లెక్కేసిన హెచ్ కూడా ఇవ్వండి. స్ప్రెడ్‌షీట్‌లో స్థానం గడి ఎలాగూ ఉంది, పది నిమిషాల పని. ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) వాళ్ల ఐసైట్ అనే వెబ్‌సైట్‌లో పీఎంఐడీలు (పబ్‌మెడ్ నంబర్లు) అతికిస్తే ఒక్కో పేపర్‌కి ఆర్‌సీఆర్ వస్తుంది, ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థాన్ని 1గా పెట్టి, రంగాన్నీ ఏడాదినీ సరిచేసిన కొలత. మరీ కొత్త పేపర్లకి దాన్ని నమ్మలేం.

బీటాసెల్

అందరికీ థాంక్స్. పేరు కోట్స్‌లో పెడితే 300 కాస్తా 118కి దిగింది. ఇంకో రెండు సందేహాలు. ఆయన మధ్యలో రచయితగా ఉన్న ఒక పేపర్‌కి రిట్రాక్షన్ (వెనక్కి తీసుకున్నట్టు) నోటీసు ఉంది, అదే పేపర్ మళ్లీ ప్రచురితమైంది కూడా. దీన్ని మచ్చగా రాయాలా? రెండోది, చదివే పేపర్లలో టేబుల్స్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి, స్టాటిస్టిక్స్ పెద్దగా రాని మనిషి చేయగలిగేది ఏమైనా ఉందా?

ఎర్రర్‌బార్

ఉంది. క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

మొదటగా ఎల్‌డీఎల్. నేరుగా కొలిచామని రాయకపోతే అది చాలావరకు ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో వచ్చిందే: మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు కూడా తీసేయాలి, అంతా మి.గ్రా./డె.లీ.లో. కూడికలు, తీసివేతలే కాబట్టి సగటులకి కూడా ఇదే వర్తిస్తుంది. మొత్తం 200, హెచ్‌డీఎల్ 45, ట్రైగ్లిజరైడ్స్ 150 అయితే ఎల్‌డీఎల్ 125 రావాలి. ఒకటి రెండు అటూఇటూ అయితే రౌండింగ్. 105 అని ఉంటే ఎవరో కొందరి డేటా తగ్గింది, లేదా అంకె తప్పు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటినవాళ్లకి ఈ సూత్రం వాడరు, వాళ్లని వదిలేశామని కింద చిన్న అక్షరాల్లో రాశారేమో చూసుకోండి.

హోమా-ఐఆర్ (ఇన్సులిన్ రెసిస్టెన్స్ కొలత): ఫాస్టింగ్ గ్లూకోజ్‌ని ఇన్సులిన్‌తో గుణించి, గ్లూకోజ్ మిల్లీమోల్స్‌లో ఉంటే 22.5తో, మి.గ్రా./డె.లీ.లో ఉంటే 405తో భాగించాలి. గ్లూకోజ్ 99, ఇన్సులిన్ 10 అయితే 2.4 వస్తుంది. పొరపాటున 22.5తో భాగిస్తే 44. అంత పెద్దగా ఉంటే ఎవరికైనా కనబడుతుంది. దొరకనిది ఇన్సులిన్ యూనిట్ల పొరపాటు. పికోమోల్స్‌ని 6తో భాగించి మైక్రోయూనిట్లు చేయాలి, అది మరిచిపోతే హోమా ఆరింతలవుతుంది, ఇన్సులిన్ రెసిస్టెన్స్ బాగా ఉన్నవాళ్లలో అది కూడా నమ్మేలాగే ఉంటుంది. ఇది గుణకారం కాబట్టి సగటులతో లెక్కేస్తే పేపర్లో ఉన్నదానికి అచ్చంగా కలవదు. కొద్ది తేడాకి తప్పుపట్టొద్దు.

ఎస్‌డీ (మనిషికీ మనిషికీ తేడా ఎంతో చెప్పేది), ఎస్ఈ (సగటు ఎంత కచ్చితమో చెప్పేది) కలగాపులగం కావడం ఈ రంగంలో తరచూ జరిగేదే. ఎస్‌డీని మనుషుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే ఎస్ఈ. టైప్ 2 ఉన్నవాళ్ల గుంపులో హెచ్‌బీఏ1సీ ఎస్‌డీ 1కి అటూఇటూ ఉంటుంది. 100 మంది గుంపులో ‘7.8 ± 0.1, ఎస్‌డీ’ అని రాస్తే అది ఎస్ఈ. దాన్నే ఎస్‌డీ అనుకుని మెటా అనాలిసిస్‌లో వేస్తే ప్రభావం పదింతలు పెద్దగా కనబడుతుంది.

స్కోర్లు, ప్రశ్నావళి పాయింట్ల లాంటి పూర్ణసంఖ్యలకి ఇంకో చిట్కా, గ్రిమ్ పరీక్ష అంటారు. 20 మంది ఉంటే సగటు 0.05 గుణిజం కావాలి. 3.45 కుదురుతుంది, 3.50 కుదురుతుంది, 3.47 కుదరదు.

బరువు లెక్క కూడా వేయండి. రోజుకి 500 కేలరీల లోటు 84 రోజులంటే 42,000 కేలరీలు. కిలోకి 7,700 చొప్పున అయిదున్నర కిలోలు, అదీ పైఅంచు. ఆ లోటుతో 12 వారాల్లో సగటున 12 కిలోలు తగ్గారంటే ఏదో దాగుంది. సాధారణంగా మధ్యలో మానేసినవాళ్లని వదిలేసి, పూర్తిచేసినవాళ్లనే లెక్కేసి ఉంటారు.

అంకెలు సరిగ్గా ఉన్నా మాట తప్పే చోటు ఒకటుంది, పి విలువల దగ్గర (మామూలుగా 0.05 కంటే తక్కువైతే తేడా ఉందని తీసుకుంటారు). ‘డైట్ గ్రూపులో పి 0.03, కంట్రోల్ గ్రూపులో పి 0.20, కాబట్టి డైట్ పనిచేసింది.’ రెండు గ్రూపుల మధ్య తేడాకి పి ఎక్కడ? అది లేకపోతే ఆ ముగింపు చెల్లదు. నాలుగు వారాల ట్రయల్‌కి హెచ్‌బీఏ1సీ ప్రైమరీ అని పెట్టినా అంతే, అది రెండు మూడు నెలల చక్కెరని చూపించేది.

మనుషుల సంఖ్య ఒక్కటే చూసి కొట్టేయొద్దు. కెవిన్ హాల్ బృందం 2019లో సెల్ మెటబాలిజంలో వేసిన అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం ట్రయల్‌లో 20 మందే. కానీ వాళ్లని వార్డులోనే ఉంచి, ప్రతి పళ్లెం తూచి, ఒక్కో డైట్ 14 రోజుల చొప్పున అందరికీ రెండూ ఇచ్చారు. తేడా రోజుకి 500 కేలరీల పైనే వచ్చింది. 20 వేల మందిని ‘గత ఏడాది ఏం తిన్నారు’ అని అడిగి తెచ్చిన కేలరీల లెక్క కంటే నేను దీన్నే నమ్ముతాను. జనం తిన్నదానికంటే తక్కువ చెప్తారని డబ్లీ లేబుల్డ్ వాటర్ (ఒంట్లో ఖర్చయిన కేలరీలు తేల్చే పద్ధతి) కొలతలు ఎప్పుడో చూపించాయి.

లైబ్రరీడెస్క్

రిట్రాక్షన్ నోటీసు మొత్తం చదవండి, ఒక్క పేరా ఉంటుంది. రిట్రాక్ట్ చేసి మళ్లీ వేసినవాటికి, మోసం వల్ల తీసేసినవాటికి పోలికే లేదు.

ప్రెడిమెడ్ 2013 పేపర్‌నే చూడండి. కార్లైల్ అనే మత్తు డాక్టర్ 2017లో 5,087 ట్రయల్స్ బేస్‌లైన్ టేబుల్స్ మీద లెక్క నడిపి, కుదరనివాటిని ఎత్తిచూపారు. అందులో ఇదీ ఉంది. రచయితలు వెనక్కి వెళ్లి చూస్తే ఒకే ఇంట్లో రెండో మనిషిని చీటీ తీయకుండా మొదటివాళ్ల గ్రూపులోనే వేశారని, ఒక సెంటర్లోనైతే క్లినిక్‌కి క్లినిక్ ఒకే గ్రూపులో పడిందని బయటపడింది. 2018లో వాళ్లే వెనక్కి తీసుకుని, విశ్లేషణ మార్చి అదే పత్రికలో మళ్లీ వేశారు. ఆలివ్ నూనె గ్రూపు హజార్డ్ రేషియో (కంట్రోల్‌తో పోలిస్తే ముప్పు ఎంతో చెప్పేది) 0.70 కాస్తా 0.69 అయింది. మారింది భాష: డైటే కారణం అని ఘంటాపథంగా చెప్పిన చోట కాస్త తగ్గి రాశారు. ఇలాంటిది మీ మనిషి రికార్డులో ఉంటే ఉన్నదున్నట్టు రాయండి, మచ్చ అనక్కర్లేదు.

రెండో రకానికి ఎరిక్ పోల్మన్. మెనోపాజ్, వయసు, మెటబాలిజం మీద పేరున్న పరిశోధకుడు. వయసు పెరిగే కొద్దీ కొవ్వులు చెడతాయన్న తన ఊహకి సరిపోయేలా రక్త పరీక్షల అంకెలు తిరగరాశాడు. కనిపెట్టింది ఆయన ల్యాబ్‌లోని టెక్నీషియనే. 2006లో ఏడాది ఒక రోజు జైలుశిక్ష పడింది. అలాంటప్పుడు ఒక్క పేపర్ తీసేస్తే సరిపోదు. అదే డేటా వాడిన మిగతావన్నీ, వాటిని వాడుకున్న రివ్యూలు కూడా చూడాలి.

వెతకడానికి పబ్‌మెడ్‌లో పేరుతో పాటు ‘రిట్రాక్టెడ్ పబ్లికేషన్’ అని పీటీ ట్యాగ్‌తో ఇవ్వండి. ‘ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్సర్న్’ (పేపర్ మీద సందేహముందని పత్రిక పెట్టే నోటీసు) విడిగా వెతకాలి. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ని 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని ఉచితంగా పెట్టింది, అందులో కారణాలు కూడా వర్గాల వారీగా ఉంటాయి. రెండూ చూడండి, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది.

కోహార్ట్

ఆలస్యంగా వచ్చాను, ఒక్కటి చెప్పిపోతాను. గత మూడు నాలుగేళ్ల పేపర్లు హఠాత్తుగా పెరిగాయేమో ఏడాది వారీగా చూడండి. అందరికీ తెరిచి ఉంచిన ఎన్‌హేన్స్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య, పోషకాహార సర్వే) డేటాని తీసుకుని, ఒక ఆహార సూచీ, ఒక జబ్బు, ఒక రిగ్రెషన్, ఇలా అచ్చు పోసినట్టు వచ్చే పేపర్లు ఎక్కువయ్యాయి. 2025లో ప్లాస్ బయాలజీలో వచ్చిన ఒక విశ్లేషణ ఇలాంటివి 341 లెక్కపెట్టింది. 2014–21 మధ్య ఏడాదికి సగటున 4, 2024లో అక్టోబర్ 9 నాటికే 190. వీటిని గుర్తుపట్టడానికి టైటిల్ చాలు: ‘ఫలానా సూచీకీ ఫలానా జబ్బుకీ సంబంధం: క్రాస్ సెక్షనల్ అధ్యయనం’. మెథడ్స్‌లో ఏ ఏళ్ల డేటా తీసుకున్నారో చూడండి. 1999 నుంచి వరుసగా డేటా ఉన్న సర్వేలో కారణం చెప్పకుండా 2005–2010 ఒక్కటే వాడారంటే ఫలితం వచ్చిన ముక్కని ఏరుకున్నారేమో అడగాలి. ఏ ఆహారం ముందు, ఏ జబ్బు తర్వాత అన్నది ఆ డేటాలో తెలియదు, డయాబెటిస్ ఉందని తెలిశాక చక్కెర మానేసినవాళ్లు కూడా అందులో ఉంటారు.

దీనికి పూర్తి ఎదురుగా ఉండే రికార్డు చూడాలంటే న్యూకాజిల్ యూనివర్సిటీ రాయ్ టేలర్ పేపర్ల వరుస చూడండి. 2011లో డయాబెటోలోజియాలో 11 మంది, రోజుకి 600 కేలరీలు, 8 వారాలు. లివర్‌లో, పాంక్రియాస్‌లో కొవ్వు తగ్గి చక్కెర మామూలైంది. అదే ప్రశ్న పెద్దదై, మైక్ లీన్‌తో కలిసి చేసిన డైరెక్ట్ ట్రయల్: 306 మంది, ఏడాదికి 46 శాతం రెమిషన్ (మందుల్లేకుండా చక్కెర అదుపు), కంట్రోల్‌లో 4. రెండేళ్లకి అది 36కి దిగింది, దాన్నీ ప్రచురించారు. మీ స్ప్రెడ్‌షీట్‌లో ఇలాంటి వరుస ఒకటి కనబడితే రెండు పేజీల్లో ఒకటిన్నర దానికే కేటాయించొచ్చు.

డబ్బు గడి నింపేటప్పుడు ఫండింగ్ దగ్గరే ఆగొద్దు. డైట్ ట్రయల్స్‌లో నగదు ప్రజా సంస్థది, భోజనానికి బదులిచ్చే పొడి ప్యాకెట్లు కంపెనీవి అయ్యే సందర్భాలు మామూలే. అది ‘కృతజ్ఞతలు’ కింద ఉంటుంది. 2017 నుంచి పబ్‌మెడ్ అబ్‌స్ట్రాక్ట్ కిందే కాన్‌ఫ్లిక్ట్ స్టేట్‌మెంట్ చూపిస్తోంది, పత్రిక పంపిస్తేనే. అక్కడ ఖాళీగా ఉంటే పీడీఎఫ్ చివరి పేజీ తెరవండి.